రెండు ఇంటర్నెట్ లైన్లు: వచ్చిన ప్యాకెట్‌కి జవాబు ఏ దారిన వెళ్తోంది?

రెండు ఇంటర్నెట్ లైన్లు పెట్టుకున్న ఆఫీసుల్లో తరచూ ఎదురయ్యే ఒక చిక్కు గురించి ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. లోపలి నుంచి బ్రౌజింగ్ బాగానే ఉంటుంది. రెండు లైన్లూ అప్ అనే చూపిస్తాయి. కానీ బయట ఉన్నవాళ్లు మన సర్వర్‌ని రెండో లైన్ అడ్రస్ మీద తెరవబోతే మాత్రం పేజీ అలా తిరుగుతూనే ఉంటుంది, చివరికి టైమవుట్. అందరూ అనుకునేది ఒకటే: రెండో కంపెనీవాళ్లు పోర్ట్ బ్లాక్ చేశారు. చాలాసార్లు వాళ్ల తప్పేమీ ఉండదు. ప్యాకెట్ లోపలికి సరిగ్గానే వస్తుంది. మన జవాబే వేరే గుమ్మంలోంచి బయటికి పోతుంది.

కమాండ్‌లు వీడియోలో ఎలా పలికానో ఇక్కడ అలాగే ఇచ్చాం, టైప్ చేసేటప్పుడు మీకు అలవాటైన రూపంలో కొట్టుకోండి.

ముందు ఒక ఉదాహరణ పెట్టుకుందాం

విజయవాడలో ఒక డయాగ్నొస్టిక్ సెంటర్ ఉందనుకుందాం. గుడివాడ, నూజివీడు, మచిలీపట్నంలో శాంపిల్స్ తీసుకునే కలెక్షన్ సెంటర్లు. రిపోర్టులన్నీ విజయవాడలో ఉన్న సర్వర్‌లోనే ఉంటాయి. అక్కడ పేజీ తెరుచుకోకపోతే పేషెంట్ రిపోర్ట్ కోసం కౌంటర్ ముందు నిలబడాల్సిందే, డాక్టర్ అవతల ఎదురుచూడాల్సిందే. అందుకే కదా రెండో లైన్ తీసుకున్నది.

అడ్రస్‌లు ఇలా అనుకుందాం. ఇవి ఉదాహరణల కోసమే కేటాయించిన అడ్రస్‌లు, ఎవరివీ కావు. మొదటి లైన్ వ్యాన్1, మన అడ్రస్ 203.0.113.10, గేట్‌వే 203.0.113.1. రెండో లైన్ వ్యాన్2, మన అడ్రస్ 198.51.100.20, గేట్‌వే 198.51.100.1. మధ్యలో ఒక లినక్స్ రౌటర్. లోపల సర్వర్ 192.168.10.5. రెండు లైన్ల మీదా 443 పోర్ట్‌ని సర్వర్‌కి ఫార్వర్డ్ చేశాం. డీఫాల్ట్ రూట్ మొదటి లైన్ మీద ఉంది. మచిలీపట్నంలో ఉన్న క్లయింట్ 192.0.2.50.

ఇప్పుడు మొదటి లైన్ అడ్రస్ పనిచేస్తోంది, రెండోది పనిచేయడం లేదు. టెక్నీషియన్ వచ్చి మొదటి లైన్ కేబుల్ పీకాడు. వెంటనే రెండో లైన్ పనిచేసింది! "చూశారా సార్, ఫెయిలోవర్ బాగానే ఉంది" అని కేబుల్ పెట్టేసి వెళ్లిపోయాడు. మళ్లీ రెండోది ఆగిపోయింది.

ఈ లక్షణాన్ని గుర్తుపెట్టుకోండి. మొదటి లైన్ పీకితేనే రెండోది పనిచేస్తోంది అంటే, రెండో కంపెనీ పోర్ట్ బ్లాక్ చేయలేదని తేలిపోయింది. డీఫాల్ట్ రూట్ రెండో లైన్‌కి మారగానే జవాబు కూడా అటే పోయింది, అందుకే పనిచేసింది. ఒక లైన్ పీకి చేసే టెస్టులో ఈ తప్పు ఎప్పటికీ దొరకదు. రెండూ అప్‌లో ఉన్నప్పుడే చూడాలి.

ఎందుకిలా జరుగుతుంది?

మామూలు రౌటింగ్ టేబుల్ చూసేది ఒక్కదాన్నే: ప్యాకెట్ ఎక్కడికి వెళ్లాలి. అది ఏ ప్రశ్నకి జవాబు, ఆ ప్రశ్న ఏ లైన్ మీద వచ్చింది, ఇవేవీ దానికి పట్టవు. మచిలీపట్నం క్లయింట్ పంపిన సిన్ ప్యాకెట్ వ్యాన్2 లోంచి వచ్చింది. సర్వర్ సిన్-యాక్ ఇచ్చింది. రౌటర్ చూసింది: 192.0.2.50 కి వెళ్లాలి, దానికి ప్రత్యేకంగా రూట్ లేదు, కాబట్టి డీఫాల్ట్. డీఫాల్ట్ అంటే వ్యాన్1. పంపేసింది.

వీధి గుమ్మంలో నిలబడి పిలిచినవాడికి పెరటి గుమ్మంలోంచి పలికినట్టు. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఆ జవాబు మీద సోర్స్ అడ్రస్ 198.51.100.20 అనే ఉంటుంది, అంటే రెండో కంపెనీ ఇచ్చిన అడ్రస్. దాన్ని మొదటి కంపెనీ లైన్ మీద పంపుతున్నాం. మొదటి కంపెనీ రౌటర్ చూసి, "ఈ అడ్రస్ నేను ఈ కస్టమర్‌కి ఇచ్చింది కాదే" అని పారేస్తుంది. దొంగ సోర్స్ అడ్రస్‌తో జరిగే దాడులని ఆపడానికి ప్రొవైడర్లు ఇలా వడకట్టాలని 2000లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 2827 చెబుతుంది. రెండు మూడు ప్రొవైడర్లు ఉన్న నెట్‌వర్క్‌ల సంగతి 2004లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 3704 లో ఉంది. అంటే ఆ కంపెనీ మన మీద కక్షతో చేస్తున్నదేమీ కాదు, చేయాల్సిన పనే చేస్తోంది.

కొన్ని ప్రొవైడర్ల దగ్గర ఈ ఫిల్టర్ ఉండదు. అప్పుడు జవాబు అడ్డదారిన వెళ్లినా క్లయింట్‌కి చేరిపోతుంది, అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ఎప్పుడో ఒకరోజు వాళ్లు ఫిల్టర్ పెడతారు. మనమేమో "నిన్నటిదాకా పనిచేసింది, మేమేమీ మార్చలేదు" అంటాం. నిజంగానే మనం మార్చలేదు, కానీ మన రౌటింగ్ మొదటి నుంచీ తప్పుగానే ఉంది.

వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందుగా వ్యాన్2 మీద ఉన్న అడ్రస్ చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే అది పబ్లిక్ అడ్రస్ కాదు, ప్రొవైడర్ చాలామంది కస్టమర్లని ఒకే పబ్లిక్ అడ్రస్ వెనక పెట్టాడన్నమాట. 10, 192.168, లేదా 172.16 నుంచి 172.31 వరకు ఉన్నా అంతే, మన ముందు ఇంకో నాట్ ఉంది. అలాంటి లైన్ మీద బయటి నుంచి కనెక్షన్ మన దాకా రానే రాదు. ముందు స్టాటిక్ పబ్లిక్ ఐపీ అడిగి తీసుకోండి, మిగతాదంతా ఆ తర్వాతే.

టెస్ట్ ఎప్పుడూ బయటి నుంచే చేయాలి. ఫోన్‌లో వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద చూడండి. ఆఫీసు లోపల కూర్చుని మన పబ్లిక్ అడ్రస్ కొడితే ఆ ప్యాకెట్ నడిచే దారి వేరు, దాన్ని బట్టి ఏమీ తేల్చలేం.

ఎర్రర్ ఏమొచ్చిందో కూడా చదవండి. "కనెక్షన్ రిఫ్యూజ్డ్" అని వెంటనే వస్తే సాధారణంగా దారి బాగున్నట్టే లెక్క. ఎందుకంటే ఆ నిరాకరణ కూడా ఒక జవాబే, అది తిరిగి మన దాకా వచ్చింది కదా. అప్పుడు సర్వర్ సర్వీస్ నడుస్తోందో లేదో చూసుకోవాలి. చాలాసేపు తిరిగి టైమవుట్ అయితేనే ఈ రోజు మన టాపిక్.

ఇప్పుడు రౌటర్ మీద మూడు విండోలు తెరవండి. మూడింట్లోనూ టీసీపీడంప్: ఒకటి వ్యాన్2 మీద, ఒకటి ల్యాన్ మీద, ఒకటి వ్యాన్1 మీద. ఫిల్టర్‌గా క్లయింట్ అడ్రస్, పోర్ట్ 443 ఇవ్వండి. బయటి నుంచి ఒక్కసారి కనెక్ట్ అవ్వమనండి. కనిపించేది ఈ నాలుగింట్లో ఒకటి.

ఒకటి, వ్యాన్2 మీద సిన్ రాలేదు. ప్యాకెట్ మన దాకా చేరలేదు. ఇప్పుడు మాత్రమే ప్రొవైడర్‌కి ఫోన్ చేయండి.

రెండు, వ్యాన్2 మీద సిన్ వచ్చింది, ల్యాన్ మీద కనిపించలేదు. మన రౌటరే గుమ్మం దగ్గర పడేసింది. ఫైర్‌వాల్ రూల్, పోర్ట్ ఫార్వర్డ్ చూడండి. అవి బాగుంటే రివర్స్ పాత్ ఫిల్టర్ మీద అనుమానపడండి, దాని సంగతి ఇప్పుడే చెప్తాను.

మూడు, సిన్ సర్వర్ దాకా వెళ్లింది, కానీ సర్వర్ నుంచి సిన్-యాక్ ల్యాన్ మీదకి రాలేదు. సర్వర్‌లో డీఫాల్ట్ గేట్‌వే ఏముందో చూడండి. అది ఇంకో రౌటర్ వైపు చూస్తుండొచ్చు. లేదా సర్వర్ ఫైర్‌వాల్ ఆపుతుండొచ్చు.

నాలుగు, సిన్-యాక్ ల్యాన్ మీదకి వచ్చింది, వ్యాన్2 మీద కనబడలేదు, వ్యాన్1 మీద సోర్స్ 198.51.100.20 తో బయటికి పోతోంది. దొరికింది దొంగ. ఇదే రిటర్న్ రూట్ తప్పు.

ప్యాకెట్ పంపకుండా కూడా రౌటర్‌నే అడగొచ్చు: ఐపీ రూట్ గెట్ 192.0.2.50 ఫ్రమ్ 192.168.10.5 ఐఐఎఫ్ ల్యాన్. సర్వర్ నుంచి ఈ క్లయింట్‌కి జవాబు వస్తే ఎటు పంపుతావు అని అర్థం. వ్యాన్1 అని చెబితే టీసీపీడంప్‌లో చూసిందానికి ఇది సాక్ష్యం.

రివర్స్ పాత్ ఫిల్టర్

లినక్స్‌లో ఆర్‌పీ ఫిల్టర్ అనే సెట్టింగ్ ఉంటుంది. విలువ 0 అయితే తనిఖీ లేదు, 1 అయితే స్ట్రిక్ట్, 2 అయితే లూజ్. స్ట్రిక్ట్‌లో రౌటర్ ఇలా ఆలోచిస్తుంది: "192.0.2.50 నుంచి వ్యాన్2 మీద వచ్చింది. నేనైతే దానికి వ్యాన్1 మీద పంపేవాడిని. కాబట్టి ఇది దొంగ ప్యాకెట్." పారేస్తుంది. టీసీపీడంప్ ఈ తనిఖీ కంటే ముందే ప్యాకెట్‌ని చూస్తుంది కాబట్టి అక్కడ సిన్ కనబడుతుంది, లోపలికి మాత్రం వెళ్లదు. అదే రెండో రకం లక్షణం.

నిర్ధారించుకోవడానికి ఎన్‌స్టాట్‌లో ఐపీ రివర్స్ పాత్ ఫిల్టర్ అనే కౌంటర్ చూడండి. ఒక్కో ప్రయత్నానికీ అది పెరుగుతుంటే అనుమానం అక్కర్లేదు. లాగ్ మార్షియన్స్ ఆన్ చేస్తే కెర్నల్ లాగ్‌లో మార్షియన్ సోర్స్ అని కూడా పడుతుంది.

రెండు లైన్ల రౌటర్‌కి లూజ్, అంటే 2, సరిపోతుంది. ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. "ఆల్" కింద ఒక విలువ, ఒక్కో ఇంటర్‌ఫేస్ కింద ఒక విలువ ఉంటాయి. రెండింట్లో ఏది పెద్దదైతే అదే అమలవుతుంది. ఆల్‌లో 1 ఉండగా వ్యాన్2 కి 0 పెట్టినా ఉపయోగం లేదు, 1 గానే నడుస్తుంది. వ్యాన్2 కి 2 పెడితే 2 అవుతుంది.

ఈ సెట్టింగ్ మార్చగానే సమస్య తీరిపోయిందనుకోకండి. ప్యాకెట్ లోపలికి వస్తుంది, అంతే. జవాబు ఇంకా వ్యాన్1 లోంచే పోతుంది. రెండో రకం లక్షణం కాస్తా నాలుగో రకంగా మారుతుంది. అది ముందడుగే, చివరి మెట్టు కాదు.

అసలు మందు

మొదటి పని, రెండో లైన్‌కి విడిగా ఒక రౌటింగ్ టేబుల్ పెట్టాలి: ఐపీ రూట్ యాడ్ డీఫాల్ట్ వయా 198.51.100.1 డెవ్ వ్యాన్2 టేబుల్ 2. ఈ టేబుల్‌ని ఎప్పుడు చూడాలో రూల్ చెబుతుంది. రూల్స్‌కి వరస నంబర్లుంటాయి, చిన్న నంబర్‌ది ముందు. 0 దగ్గర లోకల్, 32766 దగ్గర మెయిన్, 32767 దగ్గర డీఫాల్ట్ టేబుల్స్ ముందే ఉంటాయి. మన రూల్ మెయిన్ కంటే ముందు రావాలి.

ఎక్కువగా కనిపించే సలహా ఇది: ఐపీ రూల్ యాడ్ ఫ్రమ్ 198.51.100.20 టేబుల్ 2. సోర్స్ అడ్రస్ రెండో లైన్‌దైతే రెండో టేబుల్ చూడు అని. రౌటర్ మీదే నడిచే సర్వీస్‌కి, ఉదాహరణకి వీపీఎన్‌కి లేదా ఎస్ఎస్‌హెచ్‌కి, ఇది చక్కగా పనిచేస్తుంది. కానీ మన రిపోర్ట్ సర్వర్‌కి పనిచేయదు. రూల్ పెట్టామే, ఎందుకు పట్టడం లేదు అని గంటలు గంటలు పోయేది ఇక్కడే.

కారణం వరస. సర్వర్ నుంచి జవాబు వచ్చినప్పుడు దాని సోర్స్ 192.168.10.5. రౌటర్ ముందు దారి నిర్ణయిస్తుంది. ఆ తర్వాతే నాట్ దాని సోర్స్‌ని 198.51.100.20 గా మారుస్తుంది. దారి నిర్ణయించే క్షణానికి ప్యాకెట్ మీద 198.51.100.20 అనేది లేనే లేదు. ఇక ఆ ఫ్రమ్ రూల్ ఎలా తగులుతుంది?

కాబట్టి అడ్రస్‌ని కాదు, కనెక్షన్‌ని గుర్తుపెట్టుకోవాలి. పెళ్లిలో చెప్పుల స్టాండ్ దగ్గర టోకెన్ ఇచ్చినట్టు. కనెక్షన్ లోపలికి వచ్చేటప్పుడే దాని మీద ఒక గుర్తు వేస్తాం, జవాబు వచ్చినప్పుడు ఆ గుర్తు చూసి అదే గుమ్మంలోంచి పంపుతాం. లినక్స్‌లో దీని పేరు కాన్‌మార్క్. మాంగిల్ టేబుల్, ప్రీరౌటింగ్ చైన్‌లో రెండు రూల్స్ కావాలి.

ఒకటి: వ్యాన్2 మీద వచ్చే కొత్త కనెక్షన్‌కి కాన్‌మార్క్ 2 వెయ్యి.

రెండు: ల్యాన్ నుంచి వచ్చే ప్యాకెట్‌కి దాని కనెక్షన్ మీదున్న గుర్తుని తిరిగి తగిలించు. దీన్ని రిస్టోర్ మార్క్ అంటారు.

ఆ పైన ఒక రౌటింగ్ రూల్: ఐపీ రూల్ యాడ్ ఎఫ్‌డబ్ల్యూ మార్క్ 2 టేబుల్ 2. మొదటి లైన్‌కి కూడా ఇలాగే మార్క్ 1, టేబుల్ 1 పెట్టేయండి. ఇప్పుడు డీఫాల్ట్ దాని మీదే ఉంది కదా అనిపించొచ్చు. రేపు డీఫాల్ట్‌ని రెండో లైన్‌కి మారిస్తే ఇదే గొడవ అటువైపు మొదలవుతుంది.

రెండో రూల్‌లో "ల్యాన్ నుంచి వచ్చే" అన్న మాట మర్చిపోవద్దు. అది లేకుండా అన్ని ప్యాకెట్లకీ రిస్టోర్ మార్క్ పెడితే విచిత్రం జరుగుతుంది. క్లయింట్ నుంచి లోపలికి వచ్చే ప్యాకెట్లకి కూడా వ్యాన్2 దగ్గరే మార్క్ తగులుతుంది. అప్పుడు రౌటర్ టేబుల్ 2 చూస్తుంది. అందులో ల్యాన్‌కి రూట్ లేదు, డీఫాల్ట్ ఒక్కటే ఉంది. దాంతో లోపలికి రావాల్సిన ప్యాకెట్‌ని వచ్చిన దారినే బయటికి తోసేస్తుంది. జాగ్రత్త కోసం టేబుల్ 2 లో 192.168.10.0/24 కి ల్యాన్ రూట్ కూడా వేసి ఉంచండి.

మైక్రోటిక్ వాడేవాళ్లకి

సూత్రం అదే, పేర్లు వేరు. మాంగిల్‌లో మార్క్ కనెక్షన్, ఆ తర్వాత మార్క్ రౌటింగ్. రౌటర్ ఓఎస్ 7 లో అయితే రౌటింగ్ టేబుల్‌ని ముందుగా విడిగా సృష్టించాలి, అప్పుడే ఆ పేరు మార్క్‌గా వాడుకోగలం. అన్నీ సరిగ్గా పెట్టినా కనెక్షన్ మొదలై మధ్యలో ఆగిపోతుంటే ఫాస్ట్‌ట్రాక్ రూల్ చూడండి. ఫాస్ట్‌ట్రాక్‌లో పడ్డ ప్యాకెట్లు మాంగిల్‌ని తప్పించుకుని పోతాయి, వాటికి మన గుర్తు తగలదు. గుర్తు లేని కనెక్షన్లకి మాత్రమే ఫాస్ట్‌ట్రాక్ వర్తించేలా ఆ రూల్‌లో కండిషన్ పెట్టాలి.

రెండు లైన్లకీ రెండు వేర్వేరు రౌటర్లు ఉంటే?

చిన్న ఆఫీసుల్లో ఇది మామూలే. ఒక్కో కంపెనీ ఇచ్చిన డబ్బా ఒక్కొక్కటి, రెండూ ఒకే స్విచ్‌లో. సర్వర్‌కి డీఫాల్ట్ గేట్‌వే ఒక్కటే ఉంటుంది, మొదటి డబ్బా. రెండో డబ్బాలోంచి వచ్చిన సిన్‌కి సర్వర్ జవాబుని మొదటి డబ్బాకి ఇస్తుంది. ఆ కనెక్షన్ గురించి మొదటి డబ్బాకి ఏమీ తెలియదు, అది సిన్‌ని చూడనే లేదు. అక్కడితో కథ ముగిసింది.

దీనికి రెండు దారులున్నాయి. రెండో డబ్బాలో, ఫార్వర్డ్ అయి లోపలికి వచ్చే ప్యాకెట్ల సోర్స్‌ని ఆ డబ్బా ల్యాన్ అడ్రస్‌గా మార్చడం ఒకటి. అప్పుడు సర్వర్ జవాబు తప్పనిసరిగా దాని దగ్గరికే వెళ్తుంది. నష్టం ఏంటంటే, సర్వర్ లాగ్‌లో అందరూ ఒకే అడ్రస్ నుంచి వచ్చినట్టు కనిపిస్తారు. ఎవరు ఏ ఊరి నుంచి లాగిన్ అయ్యారో తెలియదు. పేషెంట్ రిపోర్టులున్న చోట ఇది చిన్న విషయం కాదు. రెండో దారి, సర్వర్‌కి 192.168.10.6 లాంటి రెండో అడ్రస్ ఇచ్చి, రెండో డబ్బా ఫార్వర్డ్‌ని దానికి పెట్టి, సర్వర్‌లోనే "ఫ్రమ్ 192.168.10.6 అయితే రెండో డబ్బా గేట్‌వే" అని రూల్ పెట్టడం. ఇక్కడ ఫ్రమ్ రూల్ పనిచేస్తుంది, ఎందుకంటే జవాబు పుడుతున్నదే సర్వర్‌లో, ఆ అడ్రస్‌తోనే.

సరిచేశాక ఎలా చూడాలి?

పాత కనెక్షన్ల మీద గుర్తులుండవు. కాన్‌ట్రాక్‌లో ఆ పోర్ట్ ఎంట్రీలు తీసేసి, కొత్త కనెక్షన్‌తోనే టెస్ట్ చేయండి. రౌటర్‌ని మళ్లీ అడగండి, ఈసారి మార్క్ కూడా ఇచ్చి: ఐపీ రూట్ గెట్ 192.0.2.50 ఫ్రమ్ 192.168.10.5 ఐఐఎఫ్ ల్యాన్ మార్క్ 2. జవాబులో వ్యాన్2 రావాలి. మూడు టీసీపీడంప్ విండోలు మళ్లీ తెరవండి. సిన్ వ్యాన్2 లోంచి రావాలి, సిన్-యాక్ వ్యాన్2 లోంచే పోవాలి, వ్యాన్1 విండో ఖాళీగా ఉండాలి.

ఆ తర్వాత వ్యాన్2 కేబుల్ పీకి పెట్టండి. ఇంటర్‌ఫేస్ డౌన్ అయితే టేబుల్ 2 లో ఉన్న రూట్ కూడా పోతుంది. లింక్ తిరిగొచ్చినప్పుడు ఆ రూట్ దానంతటది వచ్చిందా? పీపీపీఓఈ లైన్ అయితే మళ్లీ డయల్ అయిన ప్రతిసారీ ఇది జరుగుతుంది. చేత్తో కొట్టిన కమాండ్‌లు రీబూట్‌తో కూడా పోతాయి. రూట్లని, రూల్స్‌ని నెట్‌ప్లాన్‌లోనో సిస్టమ్‌డీ నెట్‌వర్క్‌డీలోనో పీపీపీ అప్ స్క్రిప్ట్‌లోనో రాసి ఉంచితేనే పని పూర్తయినట్టు. లేకపోతే ఏదో ఒక రాత్రి కరెంట్ పోయి వస్తుంది, పొద్దున్నే మచిలీపట్నం నుంచి ఫోన్ వస్తుంది.

ఇంతసేపు చెప్పిందాన్ని ఒక అలవాటుగా మార్చుకోండి. రెండో లైన్ పనిచేయడం లేదని ఎవరైనా అంటే, కంపెనీకి ఫోన్ చేసే ముందు మూడు ఇంటర్‌ఫేస్‌ల మీద ప్యాకెట్‌ని చూడండి. వచ్చిందా, లోపలికి వెళ్లిందా, జవాబు ఎటు పోయింది. ఈ మూడు ప్రశ్నలకి జవాబు దొరికాక తప్పు మనదో వాళ్లదో ఎవరితోనూ వాదించాల్సిన పని ఉండదు. నిజంగా వాళ్లదే అయితే, "మీ లైన్ మీద సిన్ రావడం లేదు, క్యాప్చర్ పంపిస్తున్నాను" అని ఒక్క మాటలో చెప్పొచ్చు.